ఘాట్‌లో సిగ్నల్ ఉండదు

"మేడమ్‌గారూ, మళ్ళీ ఎల్లిపోనాదండీ" అంది వరాలు ఫోన్లో.

ఆ గొంతు వింటే ఇంట్లోంచి ఎవరో చెప్పకుండా వెళ్ళిపోయారనుకోవాలి. వెళ్ళిపోయింది వైఫై. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు మృణాళిని నవ్వుకుంది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. మాడుగులలో ఆ ఇంట్లో వైఫై పోతే నిజంగానే ఒక మనిషి వెళ్ళిపోతాడు.

ఆ మనిషి వరాలు భర్త సన్యాసిరావు. పాడేరు ఘాట్‌రోడ్డు మీద ఏళ్ళ తరబడి బస్సు నడిపినవాడు. రెండేళ్ళ కిందట మెదడు అడుగున ఒక సన్నటి రక్తనాళం చిట్లింది. అప్పట్నుంచీ మెత్తగా పిసికి పెడితే కష్టం మీద మింగుతాడు, అంతకుమించి కళ్ళు తప్ప ఒంట్లో ఏదీ కదలదు. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు. అంతే అతని భాష.

విశాఖపట్నంలో డాక్టర్ విశాలాక్షి తన పరిశోధనశాలలో తయారుచేసిన పలుకుబిళ్లను మొదట అమర్చుకున్నవాళ్ళలో అతనొకడు. చింతగింజంత ఉండే ఆ బిళ్ల చెవి వెనక చర్మం కింద ఉంటుంది. మాట నాలుక దాకా రాకముందే దాన్ని మెదడులోనే పట్టుకుని, మంచం పక్కనున్న లాప్‌టాప్‌కి అందిస్తుంది. లాప్‌టాప్ దాన్ని ఇంటర్నెట్ మీద విశాఖకి పంపుతుంది. అక్కడి కంప్యూటర్లు మాటగా విడదీసి తిప్పి పంపితే, స్పీకర్లోంచి సన్యాసిరావు గొంతు పలుకుతుంది. ఆ గొంతు అతని మేనకోడలి పెళ్ళి వీడియోలో దొరికింది.

బిళ్ల పనిచెయ్యడం మొదలైన రోజు 'దాహం' అంటాడనో, భార్య పేరు పిలుస్తాడనో అందరూ ఎదురుచూశారు. స్పీకరు కాసేపు గరగరమని, "ఫేను రెక్కలకి బూజట్టీసింది" అంది. వరాలు నవ్వుతూ, ఏడుస్తూ, స్టూలెక్కి ఫ్యాను తుడిచింది.

అతను మొదట్నుంచీ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పొద్దున్నే డ్యూటీకి పోవడం, పొద్దుపోయి రావడం, కంచం ముందు కూచోవడం, పడుకోవడం. "ఇరవయ్యేళ్ళు కాపరం సేసినానమ్మా. ఈ మనిసి బుర్రలో ఇన్ని మాటలున్నాయని నాకు తెల్దు" అని వరాలు మృణాళినితో ఒకసారి చెప్పుకుంది. బిళ్లకి దాచుకోవడం తెలియదు. అనుకున్నదల్లా పైకి వచ్చేది. కూరలో ఉప్పెక్కువైందనేది. ఎదురింటి కుక్క మళ్ళీ ఈనిందేమో అనేది. ఒక మధ్యాహ్నం, వరాలు బట్టలు మడతపెడుతుంటే, "ఆ పసుపు సీర కట్టినప్పుడు శానా బాగుంటాది ఇది" అంది. వరాలు ఆ చీర ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూచుండిపోయింది. చెప్పాల్సిన వయసులో చెప్పలేదు, చెప్పలేని స్థితిలో చెప్పాడు.

ఆ లాప్‌టాప్ ఇప్పుడు రోజుకి నాలుగైదుసార్లు మూగబోతోంది.

*

మృణాళిని పరిశోధనశాలలో నెట్‌వర్క్ ఇంజనీరు. బిళ్ల అమర్చుకున్నవాళ్ళ ఇళ్ళకి తిరిగి పరికరాలు చూసుకోవడం ఆమె పని. ఎంవీపీ కాలనీలో ఒంటరిగా ఉంటుంది. శని, ఆదివారాల్లో ఆమెతో ఎవరైనా మాట్లాడారంటే అది అపార్ట్‌మెంట్ వాచ్‌మనే. అందుకేనేమో మాడుగుల నుంచి ఫోనొస్తే ఆమెకి విసుగొచ్చేది కాదు.

చెయ్యాల్సినవన్నీ చేసింది. రూటర్ ఆపి మళ్ళీ వేసింది. లాప్‌టాప్‌లో పాత నెట్‌వర్క్ తీసేసి, పాస్‌వర్డ్ కొత్తగా కొట్టింది. వైఫైని నడిపే డ్రైవరు సాఫ్ట్‌వేరు తీసి మళ్ళీ ఎక్కించింది. చార్జింగ్ ఆదా చెయ్యడానికి లాప్‌టాప్ తనంతట తనే వైఫై ఆపుకుంటుందేమోనని ఆ సెట్టింగూ మార్చింది. పక్కింటి వైఫై అడ్డొస్తోందేమోనని చానల్ మార్చింది. రూటర్ని అల్మారా మీంచి దింపి కిటికీలో పెట్టింది. చివరికి లాప్‌టాపే మార్చేసింది. కొత్తది కూడా ఆ సాయంత్రమే పోయింది.

"ఫ్రిజ్జు వల్లేటమ్మా?" అంది వరాలు. "నాను ఎప్పుడూ ఏసే ఉంచుతాను, అవసరమైతే ఆపీసుకుందాం."

"ఫ్రిజ్ ఏం చెయ్యదక్కా."

"మరి దేనివల్ల?" వరాలు గొంతు తగ్గించింది. మంచం వైపు ఓసారి చూసి, మృణాళినిని వంటింట్లోకి తీసుకెళ్ళింది. "ఒక మాట సెప్పలేదు నీకు. ఒకరోజు ఇలగే కూకుని మాటాడతన్నాడు. వాన గురించి, బస్సుల గురించి. మద్దెలో, 'సచ్చిపోతే బాగుణ్ను, దీనికీ ఇడుదల' అనీసినాడు. పెద్ద గొంతుతోటి. నాను ఆ రోజంతా ముద్ద ముట్టలేదు. నా ఏడుపు సూసినాడు. ఆ తరవాతే ఈ కనెక్షన్ పోటం మొదలైనాది."

మృణాళిని వంటింటి గుమ్మంలోంచి మంచం వైపు చూసింది.

"అది పోయినప్పుడల్లా నాకు గుండె దడ. లోపల ఆ మాటే మళ్ళీ అనుకుంటన్నాడేమో. నాకు తెలవాలి కదమ్మా. తెలిస్తే పక్కన కూకుంటాను, ఏదో ఒకటి సెప్తాను. తెలీకపోతే ఏటి సేస్తాను?"

వరాలు బిందె తీసుకుని వీధి కుళాయికి వెళ్ళింది. మృణాళిని మంచం పక్కన కుర్చీలో కూచుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. సిగ్నల్ నిండుగా ఉంది. స్పీకరు సన్నగా ఏదో గొణుగుతోంది, "కుళాయి కాడ జారుతాది... పాకుడు..." అని. చుట్టూ ఎక్కడ ఏ తరంగాలున్నాయో చూపించే చిన్న పరికరం ఒకటి ఈసారి వెంట తెచ్చింది. దాన్ని ఆన్ చేసి కిటికీ వైపు తిప్పింది, వంటింటి వైపు తిప్పింది. ఏమీ లేదు.

గొణుగుడు ఆగింది. ఒళ్ళో లాప్‌టాప్ 'ఇంటర్నెట్ లేదు' అంది. అదే క్షణంలో పరికరం తెర మీద గీత నిటారుగా లేచింది. మృణాళిని దాన్ని పట్టుకుని గదంతా తిరిగింది. దూరం జరిగితే గీత పడిపోతోంది. మంచం దగ్గరికొస్తే లేస్తోంది. దిండు దగ్గరికి, అతని చెవి దగ్గరికి తెచ్చేసరికి తెర దాటిపోయింది.

రొద బిళ్లలోంచే వస్తోంది. ఒకేసారి మోయలేనంత సమాచారం మీద పడితే, బిళ్ల తన బలమంతా పెట్టి పదేపదే పంపబోతుంది. ఆ కేకలో గదిలో వైఫై మునిగిపోతుంది. అంతవరకు ఆమెకి అర్థమైంది. కానీ మంచంలో కదలకుండా పడున్న మనిషి తలలో ఒకేసారి అంత సమాచారం ఎక్కణ్ణించొస్తుంది?

ఆమె అతని ముఖంలోకి చూసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ ఆ గదిలో లేవు. గోడకి అవతల ఎక్కడో దూరంగా, అటూ ఇటూ జాగ్రత్తగా చూస్తున్నాయి.

"సన్యాసిరావుగారూ" అంది మెల్లగా. "కనెక్షన్ మీరే తీసేస్తున్నారా?"

కళ్ళు ఆమె మీదికొచ్చాయి. చాలాసేపు ఆమెనే చూశాయి. తర్వాత పైకి లేచాయి.

అవును.

*

కాసేపటికి గీత కిందికి దిగింది. కనెక్షన్ వచ్చింది. స్పీకరు ఆగి ఆగి మాట్లాడింది. వరాలు ఇంకా కుళాయి దగ్గరే ఉంది.

"బస్సు తీస్తాను" అంది అతని గొంతు. "ఒకపాలి ఊరికే గుర్తొచ్చినాది. గరికబంద ఊరు దాటినాక కొండ ఎక్కుడు. ఎడం కాలు క్లచ్చి, కుడికాలు బ్రేకు, సేతులు స్టీరింగు, అద్దంలో ఎనక సూపు, ముందర మలుపు. అన్నీ ఒక్కపాలే. అది తోలతంటే ఈ డబ్బా నోరు మూతపడిపోనాది. అప్పుడు తెలిసినాది."

"మాటలు పైకి రాకుండా ఉండాలనా?"

"వరాలుకి ఇనపడకూడదని ముందర. దాని ఏడుపు సూడలేక." స్పీకరు గరగరమంది. "ఇప్పుడు ఊరికే. ఎక్కడికైనా ఎల్లాలి కదమ్మా మనిసి. అక్కడ సల్లగుంటాది. ఎవులూ ఉండరు. దానికి సెప్పకు. బాదపడతాది. సెప్పకు సెప్పకు సెప్పకు." ఆ చివరి మాట ఆపుకోవాలని అతను చూస్తున్నాడు, బిళ్ల ఆపనివ్వడం లేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మళ్ళీ కనెక్షన్ పోయింది.

గుమ్మంలో చప్పుడైంది. వరాలు బిందె చంకన పెట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలీదు.

"సచ్చిపోటం గురించి కాదన్నమాట" అంది. బిందె దించింది. ఆమె ముఖంలో భయం పోయింది. దాని చోటులోకి ఇంకేదో వచ్చింది. "నా కాడినుంచి ఎల్లిపోతన్నాడన్నమాట. అంతేనేటమ్మా?"

*

"ఒక ఫిల్టర్ రాయడం, ఒక్క పూట పని" అంది డాక్టర్ విశాలాక్షి. పరిశోధనశాలలో ఆమె గది కిటికీలోంచి సముద్రం కనబడుతుంది గానీ ఆమె దానికి వీపు పెట్టుకునే కూచుంటుంది. "కాళ్ళూ చేతుల సంకేతాలు ఎంత ముంచుకొచ్చినా కనెక్షన్ తెగకుండా. రాస్తావుగా?"

"రాయగలను. రాయాలా అని అడుగుతున్నాను, మేడమ్. ఆయన కావాలనే ఆపుకుంటున్నారు."

"మృణాళినీ, పన్నెండేళ్ళు పట్టింది నాకు ఈ బిళ్లకి. మూగబోయిన మనిషికి మాటివ్వడానికి. మౌనం వాళ్ళకి ముందే ఉంది కదా, దానికి మనమెందుకు?" ఆమె కోపంగా అనలేదు. నిజంగానే ఆమెకి అర్థం కాలేదు. "పైగా చావాలని ఒకసారి అనుకున్న రోగి. లోపల ఏం జరుగుతోందో తెలియకుండా వదిలేస్తే, రేపు ఏమైనా అయితే?"

మృణాళిని లాప్‌టాప్ తెరిచింది. ఫిల్టర్ రాసింది.

దాన్ని ఎక్కించే రోజు డాక్టర్ విశాలాక్షి తన ఇద్దరు సహాయకులతో మాడుగుల వచ్చింది. ఇంట్లో కుర్చీలు చాలక ఒకతను కిటికీకి ఆనుకుని నిలబడ్డాడు. వరాలు అందరికీ టీ ఇచ్చి గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

సన్యాసిరావు అందరి ముఖాలూ చూశాడు. "శానామంది వచ్చినారు" అంది స్పీకరు. "ఎందుకు సూస్తన్నారు ఇలగ..." ఆపైన అతని చూపు గోడ దాటిపోయింది. కనెక్షన్ పోవాల్సిన క్షణం అది. పోలేదు. లాప్‌టాప్ మీద సిగ్నల్ నిండుగా నిలబడింది.

"సెకండు గేరు" అంది స్పీకరు, గదంతా వినబడేలా. "హారను. ఎడంపక్క లోయ. లారీ దిగతంది, ఆగు, ఆగు, దాన్ని పోనీ. కొంచెం రివర్సు. ఇప్పుడు లాగు. మిరియం తీగలు తడిసున్నాయి. మోదమ్మ పాదాల కాడ మంచు. లైటెయ్యి. అమ్మా, సల్లగా సూడు తల్లీ..."

కిటికీ దగ్గర నిలబడ్డ సహాయకుడు "అద్భుతం" అన్నాడు. డాక్టర్ విశాలాక్షి కళ్ళు చెమర్చాయి. అంత స్పష్టంగా బిళ్ల ఇంతవరకు ఎవరి మనసునీ చదవలేదు.

వరాలు గుమ్మాన్ని పట్టుకుని వింటోంది. ఇరవయ్యేళ్ళు ఆమె భర్త ప్రతిరోజూ వెళ్ళివచ్చిన దారి అది. ఒక్కసారి కూడా అతని బస్సులో ఆమె ఆ కొండెక్కలేదు. ఎక్కాలని అడగలేదు, ఎక్కమని అతనూ అనలేదు.

స్పీకరు హఠాత్తుగా ఆగింది. తర్వాత అతని గొంతు, అంతవరకు ఎవరూ వినని భయంతో, అంది: "ఎవులో ఎక్కీసినారు. బండిలోకి ఎవులెవులో ఎక్కీసినారు."

అంతే. మరి మాట లేదు. కనెక్షన్ ఉంది, సిగ్నల్ ఉంది, ఏ తప్పూ లేదు. సన్యాసిరావు కళ్ళు బిగించి మూసుకున్నాడు. ఆ సాయంత్రం తెరవలేదు. మర్నాడు తెరిచాడు గానీ, స్పీకర్లోంచి "ఊ" తప్ప ఏమీ రాలేదు. ఏదో ఒకటి అనుకోకుండా ఉండటానికి ఆ మనిషి లోపల ఎంత బరువు మోస్తున్నాడో, నుదుటి మీద పట్టే చెమట చెప్పేది. వారం తిరిగేసరికి అన్నం నీళ్ళు గొంతు దిగడం కష్టమైంది.

వరాలే ఫోను చేసింది. ఈసారి మృణాళినికి కాదు, డాక్టర్ విశాలాక్షికి. డాక్టరమ్మ మృణాళినిని వెంటబెట్టుకుని వచ్చింది.

"అది తీసియ్యండమ్మా" అంది వరాలు. "ముందర ఎలగుండేదో అలగ సేసియ్యండి."

"అలా చేస్తే ఆయన రోజులో సగం సేపు మీతో మాట్లాడరు. ఆ సంగతి తెలుసు కదా?"

"తెలుసు."

"మళ్ళీ చావు గురించి ఆలోచిస్తే?"

వరాలు మంచం పక్కకి జరిగింది. చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"అనుకోనీండి. ఇతను పడిపోయినప్పుడు నానూ అనుకున్నాను, ఇద్దరం కలిసి పోతే బాగుణ్నని. పొయ్యి కాడ కూకుని అనుకున్నాను. మళ్ళా లేచి అన్నం వార్సినాను. నా బుర్రకి ఎవులూ స్పీకరు కట్టలేదు కాబట్టి ఎవులికీ తెల్దు." ఆమె మంచం వైపు చూసింది. "ఇతను ఇంటాడనే సెప్తన్నాను. ఇనాలి."

డాక్టర్ విశాలాక్షి మంచం దగ్గరికి వెళ్ళి అతని నుదుటి మీద చెమట చూసింది. చివరికి మృణాళిని వైపు తిరిగి, "తీసేయ్" అంది. "ఈ ఒక్క ఇంట్లో."

*

మిగతా ఇళ్ళల్లో ఫిల్టర్ ఉండిపోయింది. డాక్టర్ విశాలాక్షి మాట మార్చుకోలేదు. మధ్యలో ఆగిపోయే పరికరాన్ని ఎవరు నమ్ముతారంది.

మృణాళిని ఆ ఇళ్ళకి తిరుగుతూనే ఉంది. అనకాపల్లిలో జగదాంబగారని ఒక పెద్దావిడ. బిళ్ల వచ్చిన కొత్తలో ఆమె మంచం చుట్టూ ఇంటిల్లిపాదీ చేరేవాళ్ళు. తర్వాత ఆమె మనసులో ఉన్నవన్నీ వినవలసివచ్చింది. ఎవరి మీద ఏ అభిప్రాయముందో, ఎవరి పెట్టుపోతలు ఎలా తోచాయో, ఏ పాత సంగతి ఇంకా మానలేదో. మనసులో అనుకున్నదానికి క్షమాపణ ఎలా చెప్పుకోవాలో ఆమెకి తెలియలేదు, అదీ పైకి వినబడేది. ముందు మంచం వెనకగదిలోకి మారింది. తర్వాత స్పీకరు సౌండు తగ్గింది. మృణాళిని వెళ్ళిన రోజున అది పూర్తిగా తగ్గించి ఉంది. లాప్‌టాప్‌లో సిగ్నల్ నిండుగా ఉంది. వెనకగదిలో ఆమె మనసు ఎవరికీ వినబడకుండా మాట్లాడుతూనే ఉంది. తెర మీద అక్షరాలు మాత్రం ఒకదాని వెనక ఒకటి పరుగెడుతున్నాయి. 'ఎవరున్నారు... కోడలా... ఎవరూ లేరా... తలుపు చప్పుడు కాదు గాలి...'

మృణాళిని మంచం పక్కన కూచుని ఆమె చేతి మీద చెయ్యి వేసింది.

"అమ్మా, మీరు కావాలనుకున్నప్పుడు దీన్ని ఆపుకునే వీలుంటే, కావాలా?"

కళ్ళు పైకి లేచాయి.

ఆమె అక్కడే కూచుని ఫిల్టర్ తీసేసింది. "ఇప్పుడు మనసులో ఏదైనా పని గట్టిగా చెయ్యండి. కాళ్ళూ చేతులూ నడుమూ అన్నీ కలిసేది. మీకు బాగా అలవాటైంది" అంది. జగదాంబగారి చూపు దూరంగా పోయింది. తెర మీద 'రోకలి' అని ఒక్క మాట కనబడింది. ఆమె ఎప్పటిదో ఒక రోట్లో పిండి దంచడం మొదలుపెట్టింది. కాసేపటికి అక్షరాలు ఆగిపోయాయి. ఇంటర్నెట్ లేదంది లాప్‌టాప్. పెద్దావిడ ముఖం, ఇన్నాళ్ళకి తలుపేసుకున్న మనిషి ముఖంలా నెమ్మదించింది. మృణాళిని బయటికెళ్ళి కోడల్ని కూచోబెట్టి, "ఇకమీదట ఆవిడ చెప్పదలుచుకున్నదే వినబడుతుంది. సౌండు పెంచండి" అని చెప్పింది.

ఆ సాయంత్రమే డాక్టర్ విశాలాక్షికి చేసింది చేసినట్టు చెప్పేసింది. డాక్టర్ వింది. అరవలేదు. "నువ్వు అడగకుండా చేశావు" అంది చివరికి. "నేనూ వాళ్ళని అడగకుండానే చేశానంటావు. అంతేగా?" మృణాళిని తలూపింది. మరుసటి వారం నుంచి ఇళ్ళకి వెళ్ళే పని వేరొకరికి ఇచ్చారు. మృణాళినికి పరిశోధనశాలలో ఒక మూల బల్ల ఇచ్చారు. అక్కడ ఫోను మోగదు.

*

మార్గశిరంలో ఒక ఆదివారం, ఎవరూ పిలవకుండానే ఆమె మాడుగుల బస్సెక్కింది.

వరాలు మంచం పక్కన నేల మీద చాప వేసుకుని కందికాయలు వలుస్తోంది. మృణాళినిని చూసి నవ్వి, కూచోమని చాప మీద చోటు చూపించింది. మాట్లాడలేదు. గదిలో ఎక్కడా చప్పుడు లేదు.

"కనెక్షన్ పోయిందా అక్కా?" అంటూ మృణాళిని అలవాటుగా లాప్‌టాప్ వైపు వంగింది. వరాలు వేలు పెదాల మీద పెట్టుకుని వద్దన్నట్టు తలూపింది.

సిగ్నల్ నిండుగా ఉంది. స్పీకరు ఆన్‌లోనే ఉంది. సన్యాసిరావు కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నుదురు పొడిగా, ముఖం తేటగా ఉంది. అతను గోడ అవతలికి చూడటం లేదు. వరాలు వేళ్ళ కింద కాయలు విచ్చుకోవడం చూస్తున్నాడు.

"ఈమద్దె రోజంతా ఎల్లిపోతన్నాడమ్మా" అంది వరాలు గుసగుసగా. "ఒకపాలి అడిగినాను, నన్నూ ఎక్కించుకో అని. ఒద్దన్నాడు. ఒక్కణ్ణే బాగుంది అన్నాడు. అబద్దం సెప్పలేడు కదా పాపం." ఒక కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసింది. "బాదేసినాది. బాదెయ్యకుండా ఎలగుంటాది? సీకటి పడేదాకా ఈది అరుగు మీద కూకున్నాను. తరవాత అలవాటైపోనాది. ఇతను ఎల్లినప్పుడు నాను నా పన్లు సూసుకుంటాను."

"ఇవాళ?"

"ఇవాళ ఎల్లలేదు. పొద్దుట్నుంచీ ఇలగే ఉన్నాడు. ఎంతసేపూ ఒక్క మాట లేదు. ముందర నాను బయపడ్డాను. మళ్ళా సూస్తే..." ఆమె తలెత్తి భర్త ముఖంలోకి చూసింది. "ఏటీ అనుకోటం లేదు. ఊరికే ఉన్నాడు. నా కాడే."

మృణాళిని పరికరాల సంచి గోడవార పెట్టి, చాప మీద కూచుంది. గిన్నె దగ్గరికి లాక్కుని కొన్ని కాయలు ఒళ్ళో పోసుకుంది. ఆమె తలలో ఎన్నో మాటలు తిరుగుతున్నాయి. విశాఖలో తన గది, మోగని ఫోను, సాయంత్రం ఎక్కాల్సిన బస్సు. అవేవీ ఎవరికీ వినబడలేదు. ఆమె మొదటి కాయ చీల్చింది. గింజలు లేతగా, చేతికి చల్లగా తగిలాయి.